నేను నేర్పిన మాట

నవంబర్ 6, గురువారం

కింద ఇంట్లో అండాలమ్మ గారు పోయారు. నిద్రలోనే. తెల్లారి చాయ్‌కి లేపితే లేవలేదట. ఎవరినీ ఏదీ అడగకుండా బతికిన మనిషి, పోవడంలోనూ ఎవరినీ శ్రమ పెట్టలేదు.

పార్కింగ్‌లో కార్లు తీయించి ఫ్రీజర్ బాక్స్ పెట్టారు. కొడుకు విజయేందర్ మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీ, మోండా మార్కెట్‌లో నట్లు బోల్టుల షాపు. అతని ఫోను క్షణం ఆగలేదు. వచ్చినవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని "ఎప్పుడు లేపుతున్నరు?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. పర్వతాలు గారు మాత్రం భార్య తల దగ్గర, నేల మీద, గోడకి ఆనుకుని కూర్చున్నారు. దగ్గర దగ్గర అరవై ఏళ్ళ కాపురం.

పదింటికి డాబా మీది గదిలో ఉండే లింబానీ దిగి వచ్చాడు. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, నేరుగా వెళ్ళి పర్వతాలు గారి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. రెండు గంటలు, ఒక్క మాట లేదు. వాళ్ళ దేశం, ఆఫ్రికాలోని మలావీలో, చావు ఇంటికి వెళ్తే అలాగే కూర్చుంటారని నాకు ఇదివరకే చెప్పాడు. కుర్చీల్లో ఉన్నవాళ్ళు వింతగా చూశారు కానీ తప్పు పట్టినట్టు చూడలేదు. అంతవరకూ అంతా బాగానే ఉంది.

పన్నెండు దాటాక క్లాసు ఉండి లేచాడు. చేతులు జోడించాడు. అందరికీ వినపడేలా, తేటగా అన్నాడు.

"తాతా, పోయొస్తా."

కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి తల తిప్పారు. తర్వాత విజయేందర్ మేనత్త అందుకుంది. "ఏందీ! సావింట్ల పోయొస్తనంటడా? మల్ల ఎవరి కోసమొస్తడట?"

చావు ఇంటి నుంచి చెప్పకుండా లేచి రావాలి. మళ్ళీ వస్తామంటే అలాంటి పని మీదే మళ్ళీ రావాల్సి వస్తుందని భయం. పసిపిల్లలకి కూడా తెలుసు. లింబానీకి తెలియదు.

నేను రెండు కుర్చీల అవతల ఉన్నాను. నా చెప్పుల వంక చూసుకున్నాను.

నవంబర్ 7

ఆ మాట నేర్పింది నేనే. ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

జూలైలో వచ్చాడు, ఏడాది పాటు చదువుకోవడానికి. వాళ్ళ యూనివర్సిటీ నుంచి ఇద్దరు ఇక్కడికి, ఇక్కడి నుంచి ఇద్దరు అక్కడికి. హాస్టల్లో చోటు లేదన్నారట. టూలెట్ బోర్డు వేలాడుతున్న పదకొండు ఇళ్ళలో ఖాళీ లేదని చెప్పి పంపారు. పన్నెండోది మా బాలమ్మది. ఈ అపార్ట్‌మెంట్ కట్టిన నేల ఆవిడదే, బిల్డరు ఆవిడకి ఒక ఫ్లాటూ డాబా మీద ఒక గదీ ఇచ్చాడు. ఆవిడ లింబానీని ఒకసారి పైనుంచి కిందికి చూసి, "పేరేంది? లింబానీయా? గట్లనా, మా చిన్నాయన పేరు సుత లింబయ్యనే" అని తాళం చేతిలో పెట్టింది.

రోజూ సాయంత్రం ఆరింటికి మా ఇంటికొచ్చేవాడు, మా ఆవిడ ప్రేమమణి ఇచ్చే టీకి, నా తెలుగుకి. మొదటి రోజు నేను చెప్పిన మొదటి పాఠం: ఎవరింటి నుంచి లేచినా 'పోతా' అనకు నాయనా, 'పోయొస్తా' అను. వాడు దాన్ని జేబులో పెట్టుకుని వీధంతా తిరిగాడు. కిరాణా షాపులో, ఇస్త్రీ బండి దగ్గర, చర్చిలో పాస్టరుగారికి, చివరికి బస్సు దిగుతూ కండక్టరుకి. వాడి వంక చూడని వాళ్ళు కూడా ఆ మాటకి నవ్వేవారు. ఖాళీ లేదన్న ఇళ్ళ వాళ్ళే ఇద్దరు పలకరించడం మొదలుపెట్టారు.

ఎక్కడ అనకూడదో నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, మా క్రైస్తవుల సమాధి కార్యక్రమాల్లో పెట్టె మూసేటప్పుడే మళ్ళీ కలుస్తామని పాడతాం కాబట్టి నాకు తట్టలేదు. ఇది సరిపోయే కారణమే. నేను చదివింది ఏడో తరగతి. మిషన్ ప్రెస్సులో కంపోజిటరుగా చేరి, సీసం అక్షరాలు తలకిందులుగా పేర్చుతూ ఇంగ్లిష్ నేర్చుకున్నాను. ఆ రోజుల్లో ఫోర్‌మన్ కామరాజు గారని ఉండేవారు. మా 202 ఫ్లాటు కామరాజు కాదు, ఈయన తమిళుడు. ప్రార్థన పుస్తకంలో ఒక్క కామా తప్పు పడినా, పేజీలు బిగించిన ఫారం మొత్తం విప్పించేవారు. తప్పు ఎక్కడుందో చెప్పేవారు కాదు, వెతుక్కోమనేవారు...

దేని గురించో మొదలుపెట్టి ఎక్కడికో పోయాను.

నవంబర్ 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి గేటు ముందు అంబులెన్సు. పర్వతాలు గారు బాత్రూములో పడిపోయారు. తలకి దెబ్బ తగల్లేదు, షుగరు పడిపోయిందట. మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదు.

విజయేందర్ అంబులెన్సు ఎక్కబోతూ నా చెయ్యి పట్టుకున్నాడు. "చూసిన్రా అంకుల్? మూడొద్దులు కాలే. మా అత్త అననే అన్నది."

"షుగరు కదా విజయేందర్..."

"షుగర్ ఇరవై ఏండ్ల సంది ఉన్నది అంకుల్. ఎన్నడన్న పడ్డడా? గా పోరనికి గిట్ల ఎవరు నేర్పిన్రో ఏమో."

లింబానీ నా వెనకే ఉన్నాడు, బైబిలు చంకలో పెట్టుకుని. "నేను కూడా హాస్పిటల్‌కి రావచ్చా?" అని అడిగాడు. విజయేందర్ వినిపించుకోలేదు. అంబులెన్సు తలుపు వేశారు.

నవంబర్ 11, మంగళవారం

విజయేందర్ వచ్చాడు. గడ్డం పెరిగింది. తెల్ల చొక్కా మీద ఆసుపత్రి వాసన. తండ్రి కులాసాగానే ఉన్నారట, ఎల్లుండి పంపేస్తారట.

"అంకుల్, జెర ఒక లెటర్ రాయాలె. ఇంగ్లిష్‌ల. మీరైతే మంచిగ రాస్తరు."

ఈ అపార్ట్‌మెంట్‌లో పదిహేనేళ్ళుగా ఏ కాగితం కావాలన్నా నా దగ్గరికే వస్తారు. వీధి దీపం వెలగలేదన్నా, పావురాలకి వల కట్టాలన్నా, పై ఫ్లాటు వాళ్ళ మీద కింది ఫ్లాటు వాళ్ళు ఫిర్యాదు చెయ్యాలన్నా. ఇది బాలమ్మకి అసోసియేషన్ ఇచ్చే నోటీసు. డాబా గదిలో అద్దెకున్నవాణ్ణి నెలాఖరులోగా ఖాళీ చేయించాలని.

"కారణం ఏం రాయమంటావు?" అన్నాను.

అతను కిటికీ వైపు చూశాడు. "వాసన. వాళ్ళ వంట వాసన. ఎవరెవరో వస్తున్నరు. డాబా తలుపు వెయ్యడు. గివి రాయున్రి."

"అసలు కారణం..."

"అది రాస్తే నవ్వుతరు అంకుల్." తెల్ల కాగితం నా ముందుకి జరిపాడు. "మా అమ్మ పోయింది. నాయిన సుత పోతే నేనేం గావాలె? పరేషాన్ల ఉన్న. రాయున్రి."

రాశాను. నేను రాయడమంటే, అతను చెప్పినదాన్ని దిద్దడమే. చెప్పేవాడు వేరు, అక్షరం పేర్చేవాడు వేరు. ప్రెస్సులో ఎన్ని కరపత్రాలు పేర్చలేదు, అవన్నీ నా అభిప్రాయాలా?

వాసన అన్నాడు. వాడు వండేది మొక్కజొన్న పిండి, దానికి వాసనే ఉండదు. ఎవరెవరో వస్తున్నారన్నాడు. నాలుగు నెలల్లో ఇద్దరొచ్చారు, అందులో ఒకడు గ్యాస్ సిలిండర్ తెచ్చినవాడు. అయినా మూడు పేరాలు నిండుగా వచ్చాయి. "ఇనాజ్‌మచ్ యాజ్" అని ఒక చోట పాతకాలపు ఇంగ్లిష్ మాట వేశాను. బాగా కుదిరింది.

ప్రేమమణి వంటగదిలోంచి అడిగింది. "ఏం రాసిచ్చారండీ?"

"అసోసియేషన్ పని" అన్నాను.

నవంబర్ 13

ఆరింటికి లింబానీ వచ్చాడు. చేతిలో నోటీసు. విజయేందర్ దాన్ని షాపులో టైపు చేయించాడు. అచ్చులో ఇంకా గంభీరంగా ఉంది.

టీ తాగలేదు. డిసెంబర్ ఒకటి నుంచి వాడికి పరీక్షలు. ఇల్లు మారితే పోలీసు కాగితాలు మళ్ళీ మొదటి నుంచి, కొత్త ఇంటి ఓనరు సంతకంతో సహా. కొత్త ఇల్లు ఎవరిస్తారు? చిరునామా లేకపోతే యూనివర్సిటీ వాళ్ళు వెనక్కి పంపేస్తారు, సంవత్సరం పోతుంది. వాళ్ళ జిల్లా నుంచి ఇలా వచ్చినవాడు వాడొక్కడే. ఇదంతా గొంతు పెంచకుండా, ఒక్కొక్కటే చెప్పాడు.

"అంకుల్, దీనికి జవాబు రాయాలి. మీరు సాయం చేస్తారా?"

ప్రేమమణి నా వంకే చూస్తోంది.

చేశాను. నా ఉత్తరాన్ని నేనే పేరా పేరా చొప్పున చీల్చి చెండాడాను. వాసనకి ఒక దెబ్బ, రాకపోకలకి ఒక దెబ్బ, డాబా తలుపుకి రెండు. రాస్తున్నంత సేపూ హుషారుగా ఉన్నానని ఇక్కడ ఒప్పుకోవాలి. "ఇది రాసినవాడు తెలివైనవాడే కానీ ఇక్కడ దొరికిపోయాడు చూడు" అని కూడా అన్నాను.

లింబానీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాడి తెలుగు ఇప్పటికి బాగా వచ్చింది. "ఇది రాసినవాళ్ళకి నేనెవరో తెలియదు అంకుల్. తెలిస్తే రాయరు."

ఆ తర్వాత, "చావు రోజున నేనేమైనా తప్పు చేశానా? అప్పటి నుంచి ఎవరూ మాట్లాడడం లేదు. కిరాణా షాపులో కూడా" అన్నాడు.

"అలాంటిదేం లేదు" అన్నాను.

నవంబర్ 14

చెప్పలేదు.

నవంబర్ 16, ఆదివారం

అండాలమ్మ గారి పదకొండో రోజు. అపార్ట్‌మెంట్ మొత్తానికి భోజనాలు. డాబా మీదికి మాత్రం పిలుపు వెళ్ళలేదు.

పర్వతాలు గారు లోపల మంచం మీద ఉన్నారు. గుండు చేయించుకున్నాక మనిషి ఇంకా చిన్నగా అయిపోయినట్టు కనిపించారు. పక్కన కూర్చున్నాను. నా వైపు తిరిగి అడిగారు. "గా నల్ల పిలగాడేడి సారూ?"

"ఎందుకండీ?"

"ఊకెనే. కానొస్తలేడు."

"కాలేజీకి వెళ్ళాడు" అన్నాను. ఆదివారం. ఆయనకి వారాలు గుర్తుండవని అన్నాను.

బయట చెయ్యి కడుక్కుంటుంటే బాలమ్మ పక్కకొచ్చి నిలబడింది. చేతిలో నోటీసు లేదు కానీ మొహంలో ఉంది. "జకరయ్య సారూ, డాబ మీది అర్ర నాది. నా ఇష్టం అన్న. కని అందరు ఒక్కటై మోటర్ నీళ్ళు మీదికి రానియ్యమంటే నేనేం జెయ్యాలె?"

"వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగు ఉంది కదమ్మా, చూద్దాం."

"ఏం జూస్తవ్?" గొంతు తగ్గించింది. "లింబయ్య పోయొస్తనుడు ఎవరి తాన నేర్చిండు? నాకెర్కలేదా? మెట్ల మీద కూసొని మీ ఇంట్లకెల్లి వచ్చే పాఠం రోజూ ఇంటూనే ఉంటి. నువ్ జెప్తవా, నన్ను జెప్పమంటవా?"

"నేను చెప్తానమ్మా."

"ఆదివారం దాంక సూస్త."

భోజనంలో పూర్ణాలు బాగున్నాయి. తినలేకపోయాను.

నవంబర్ 18

చెప్పడానికి మూడు రకాలుగా ఆలోచించాను. మొదటిది, విజయేందర్‌కి విడిగా షాపులో. రెండోది, ఉత్తరం ద్వారా. మూడోది ఇంకా ఆలోచించాలి.

నవంబర్ 20

మోకాళ్ళ నొప్పి. ఆదివారం మీటింగుకి వెళ్ళడం కుదరకపోవచ్చు.

నవంబర్ 22, శనివారం

ఏ.ఎస్. రావు నగర్‌లో మా వదినగారింటికి రేపు పొద్దున్నే వెళ్దామా అని ప్రేమమణిని అడిగాను. చాలా రోజులైంది చూసి, అన్నాను.

బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "మీరు కుర్చీలో కూర్చుని రెండు ఉత్తరాలు రాశారు. రెండూ నేను చూశాను. టీ కప్పుల కింద కార్బన్ కాపీలు పెట్టుకునే మనిషి ఇంకొకరుండరు ఈ ఊళ్ళో. ఆ అబ్బాయి నా చేతి టీ మానేసి తొమ్మిది రోజులైంది. వదినగారు ఎక్కడికీ పోదు."

మీటింగు పదకొండింటికి.

నవంబర్ 23, ఆదివారం. మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు రాస్తాను. అడ్డదారులు పట్టకుండా.

పార్కింగ్‌లో కుర్చీలు వేశారు. పద్నాలుగు మంది. లింబానీ వెనక, స్తంభం పక్కన, నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. పర్వతాలు గారి తలుపు తీసే ఉంది, కర్టెను వేసుంది.

"అంకుల్, రెండు లెటర్లు మీరే సదువున్రి" అన్నాడు విజయేందర్. "అందరికి అర్థమైతది."

చదివాను. నోటీసు చదివాను, జవాబు చదివాను. నా గొంతు మంచిదని చర్చిలో అంటారు. ఈ రోజు అది ఇంకెవరిదోలా ఉంది.

202 కామరాజు చెయ్యెత్తాడు. ఆడిట్ ఆఫీసులో రిటైరైనవాడు, అంకె తప్పినా కామా తప్పినా పట్టుకుంటాడు. "ఒక్క డౌటు. ఇటు లెటర్‌లో ఇనాజ్‌మచ్ యాజ్ ఉంది. అటు లెటర్‌లో కూడా ఇనాజ్‌మచ్ యాజ్ ఉంది. సికింద్రాబాద్ మొత్తంలో ఈ మాట వాడేవాడు ఒక్కడే బతికున్నాడు." నా వైపు చూశాడు. "ఏం జకర్యా, రెండు టీములకీ నువ్వే ఆడుతున్నావా?"

నవ్వారు. పెద్దగా నవ్వారు. లింబానీ నవ్వలేదు. వాడి కళ్ళు నా చేతిలోని మొదటి కాగితం మీద ఉన్నాయి.

బాలమ్మ లేవబోయింది. నేను లేచే ఉన్నాను కాబట్టి ముందు నేనే నోరు తెరిచాను.

"రెండూ నేనే రాశాను. మొదటి దాంట్లో ఒక్క ముక్క నిజం లేదు, రాసేటప్పుడే నాకు తెలుసు. ఆ రోజు లింబానీ అన్న మాట నేర్పింది నేను. చావు ఇంట్లో అనకూడదని చెప్పనిది నేను. వాడికి ఇప్పటికీ తెలియదు తనేం తప్పు చేశాడో. అడిగితే ఏం లేదన్నాను."

"ఏ మాట అంకుల్?" విజయేందర్ మొహం ఎర్రబడింది. "లెటర్ల ఏ మాట లేదు. ఇప్పుడు గదెందుకు?"

"లెటర్లో లేకపోబట్టే. ఇంకొకటి కూడా ఉంది. పదకొండో రోజున మీ నాన్నగారు ఈ అబ్బాయి ఏడని అడిగారు. కాలేజీకి వెళ్ళాడని అబద్ధం చెప్పాను. వాడు పైన గదిలోనే ఉన్నాడు. మీ నాన్నగారికి వాడంటే భయమో కాదో నాకేం తెలుసు, నీకేం తెలుసు? ఆయన్నే అడుగు."

"నాయినను దీంట్లకు తేవద్దు."

"ఏందిర?" కర్టెను వెనక నుంచి వినపడింది. ఆ గొంతు అంత గట్టిగా ఉంటుందని మేమెవరం అనుకోలేదు. విజయేందర్ వెళ్ళి కర్టెను తీశాడు. పర్వతాలు గారు తలుపు పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుని ఉన్నారు. ఎప్పటి నుంచో.

"నాయినా, ఏం లేదు, అసోసియేషన్..."

"వస్తనన్నడు" అన్నారాయన. "ఎదురుజూస్తున్న. పదిహేడొద్దులాయె. వచ్చినోళ్ళందరు ఎప్పుడు లేపుతరు, ఎప్పుడు లేపుతరు అన్నరు. గీ పిలగాడొక్కడే మల్ల వస్తనన్నడు. మీరు రానిస్తలేరా ఏందిర?"



విజయేందర్ కర్టెను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నాయినా, అది అట్ల అనొద్దంటరే..."

"అననీ. మీ అమ్మ తాన్కి పోయేది నాకెర్క లేదా? గా పోరడంటెనే పోతనా? పిలువు."

అతను పిలవలేదు. కాగితాలు రెండూ నా చేతిలోంచి తీసుకుని మడిచాడు, బాలమ్మ వైపు చూశాడు. "అర్ర నీది పెద్దమ్మా. నాకేం తక్లీఫ్ లేదు." లోపలికి వెళ్ళి ఒక కుర్చీ తెచ్చి తండ్రి పక్కన వేశాడు. లింబానీ స్తంభం దగ్గర నుంచి నడిచి వెళ్ళి, కుర్చీ వదిలేసి, నేల మీద కూర్చున్నాడు.

వాడికి గది మిగిలింది. పరీక్షలు మిగిలాయి.

అదే రోజు. సాయంత్రం

ఆరింటికి తలుపు తీసి పెట్టాను. ఆరున్నరకి మెట్ల మీద అడుగులు వినిపించాయి. బయటికి వెళ్ళాను.

లింబానీ రెండు మెట్లు పైకి ఎక్కి ఆగాడు. వాడు నాకంటే పొడుగు, ఇద్దరం ఒకే ఎత్తులో ఉండాలంటే వాడు కింద, నేను పైన ఉండాలి, కానీ ఇప్పుడు వాడు చాలా పైన ఉన్నాడు.

"అంకుల్, ఆ రోజే చెప్పి ఉండొచ్చు. నేను వెళ్ళి క్షమాపణ అడిగేవాణ్ణి. ఎందుకు చెప్పలేదు?"

"చూడు నాయనా, డెబ్భై ఒకటిలో మా ప్రెస్సులో ఒక సంగతి జరిగింది. ఒక పెళ్ళి కార్డు, ఒక పెద్దకర్మ కార్డు..."

వాడు విన్నాడు. రెయిలింగ్ మీద చెయ్యి వేసి, మధ్యలో ఆపకుండా, కార్డులు ఎలా తారుమారయ్యాయో, ఎవరు ఎవరిని తిట్టారో, పెళ్ళివారు ఎలా శాంతించారో, మొత్తం విన్నాడు. నేను పూర్తి చేశాక అన్నాడు.

"బాగుంది అంకుల్. నేను అడిగింది ఇది కాదు."

మెట్ల మీద లైటు ఎవరో వేశారు.

"భయమేసింది" అన్నాను.

"ఎవరంటే?"

"పదిహేనేళ్ళుగా వీళ్ళ మధ్య ఉంటున్నాను. నీ పక్కన నిలబడితే నన్ను కూడా నీలాగే చూస్తారని."

తల ఊపాడు. కోపం లేదు. కోపం ఉంటే నాకు మాటలుండేవి. "సరే" అన్నాడు. పైకి వెళ్ళిపోయాడు.

ప్రేమమణి అడిగింది. "ఏమన్నాడు?"

"సరే అన్నాడు."

"ఏం సరే?"

"తెలియదు."

"అడగలేదా?"

అడగలేదు.

నవంబర్ 24

పొద్దున ఏడు. నేను గుమ్మంలో పేపరు పట్టుకుని కూర్చున్నాను. లింబానీ దిగాడు. నాకు గుడ్ మార్నింగ్ చెప్పాడు, ఇంగ్లిష్‌లో, చాలా మర్యాదగా. కిందికి వెళ్ళాడు. పర్వతాలు గారి తలుపు తెరుచుకుంది.

ప్రేమమణి మూడు కప్పుల టీ పెట్టింది. మూడోది చల్లారింది.